పదకొండు గుర్తులు

రాయి మీద రాయి పేర్చేవాళ్ళంటే నెడ్రా టోల్మన్‌కి ఒళ్ళుమంట. కెటిల్ లోయలో దారి చూపించే గుర్తురాళ్ళు భూముల ఆఫీసువాళ్ళవి పంతొమ్మిదే ఉన్నాయి. మోకాలెత్తున, అడుగున వెడల్పుగా, పైన సన్నంగా ఉంటాయి. ఏటా మార్చిలో జీతం లేకుండా వాటిని సర్దేది ఆవిడే. అవి కాక ఇంకేం కనిపించినా, పట్నంవాళ్ళు ఫొటోల కోసం పేర్చినవనే లెక్క. అలాంటి కుప్పల్ని నమ్మి ఒక జంట ఒకసారి రాత్రంతా కొండ అంచున కూర్చుని ఏడ్చింది. అప్పటినుంచీ కనిపించిన కుప్పనల్లా తన్నేయడం ఆ ఊరి పద్ధతైంది. తన్నినవాళ్ళు దాన్నొక మంచిపనిగానే చెప్పుకుంటారు.

జూన్ మొదటి మంగళవారం పొద్దున్న ఆరింటికి ఆవిడ లోయ మొదట్లో ట్రక్కు ఆపింది. వెనక తలుపు తీసి కుక్కని దింపింది. దాని పేరు డీకన్, బూడిదరంగు పశువులకుక్క. కింద కూర్చుని ఒక్కో కాలూ ఒళ్ళోకి తీసుకుని రబ్బరు బూట్లు తొడిగింది. పొద్దున్న పదకొండు దాటితే అక్కడి బండ పెనంలా కాలుతుంది. డీకన్‌కి బూట్లంటే అసహ్యం. నాలుగో బూటు తొడిగేలోపు మొదటిది పీకి పారేసింది.

"పీకు, పీకు. మధ్యాహ్నం నువ్వే కాళ్ళు పట్టుకుంటావు," అంది నెడ్రా.

దారి మొదట్లో ఒక ఇనప పెట్టె, అందులో ఒక నోటుపుస్తకం. లోపలికెళ్ళేవాళ్ళు పేరు రాసి వెళ్ళాలి. చివరి వరసలో పొందికైన చేతిరాత ఉంది. *లాయిడ్ ఎమ్రిక్, ఊరు పొకటెల్లో. సోమవారం లోపలికి, మంగళవారం బయటికి. మనిషి ఒకడు, కుక్క ఒకటి. దాని పేరు బర్డీ, పదమూడేళ్ళు. మెల్లిగా నడుస్తాం.*

"పదమూడేళ్ళ ముసల్దాన్ని జూన్‌లో తీసుకొచ్చాడు చూడు, మహానుభావుడు," అని డీకన్‌తో చెప్పింది నెడ్రా.

మూడు మైళ్ళు నడిస్తే లోయకి అడ్డంగా ఇరవై అడుగుల రాతిగోడ వస్తుంది. దాన్నెక్కడానికి ఇనప నిచ్చెన ఉంది. ఊరివాళ్ళు కుక్కని గుడ్డసంచిలో వేసి వీపుకి కట్టుకుని ఎక్కుతారు. అరవై మూడేళ్ళ వయసులో ఆ సర్కస్ వద్దనుకుని నెడ్రా ఎప్పుడూ నిచ్చెన దగ్గరే వెనక్కి తిరుగుతుంది. ఆవేళా తిరగబోతూ, కుడివైపు బండ మీద ఏదో తెల్లగా కనిపించి ఆగింది.

మూడు పలకరాళ్ళు, పైన గోలీకాయంత తెల్లరాయి. దానికి ఇరవై అడుగుల అవతల ఇంకోటి. అలా మలుపు వచ్చిన చోటల్లా ఒకటి చొప్పున, గోడ పక్కనుంచి బండ మీదికి, మెట్లుమెట్లుగా ఉన్న చరియలమీదుగా పైకి పోతున్నాయి. నెడ్రా ముఖం చిట్లించింది.

"ఇప్పుడు ముగ్గులు కూడా పెడుతున్నారు," అని మొదటిదాన్ని బూటుతో పక్కకి నెట్టింది. రాళ్ళు దొర్లి ఆగాయి. తెల్లరాయి టకటకమంటూ కిందికి పోయింది. డీకన్ దానివెంట ఉరకబోతే తాడు పట్టి లాగింది.

పనంటే సగంలో వదిలే మనిషి కాదు. అరమైలు పైగా ఆ బండమీద ఎక్కి, పైన లోయలోకి మళ్ళీ దిగే సందు దాకా వెళ్ళి, ఒక్కోదాన్నీ తన్నింది. తన్నిన రాళ్ళని మళ్ళీ ఎవరూ ఏరి పేర్చకుండా విడివిడిగా విసిరింది. మొత్తం పదకొండు. తెల్లరాళ్ళు ఏరడానికి ఎవడో చాలా ఓపికపడ్డాడనిపించి ఇంకా చిరాకేసింది. ఇంటికెళ్ళి నెలవారీ కాగితంలో 'తొలగించిన కుప్పలు' అన్నచోట పదకొండు అని వేసి ఆఫీసుకి పంపింది. ఇరవై రెండేళ్ళుగా పంపుతోంది. ఎవరూ చదివిన దాఖలా లేదు.

*

బుధవారం సాయంత్రం పాలకోసం బయల్దేరి అటువైపు వెళ్తే లోయ మొదట్లో ఆ పొకటెల్లో మనిషి బండి ఇంకా నిలబడే ఉంది. అద్దం మీద ఎర్రదుమ్ము పేరుకుంది. ఆవేళ ఎండ నూట ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. పాలు మర్చిపోయి షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేసింది.

గురువారం తెల్లారుతుండగా వెతికేవాళ్ళు చేరారు. షెరిఫ్ కింద పనిచేసే డిప్యూటీ థేన్ బ్రాక్‌బ్యాంక్ ట్రక్కు మీద పటం పరిచి నీళ్ళసీసాలు పంచుతున్నాడు. చిన్నప్పుడు నెడ్రా నడిపిన స్కూలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాంతులు చేసుకున్న పిల్లవాడే, ఇప్పుడు నడుముకి తుపాకీ కట్టుకున్నాడు. ఆ ఊళ్ళో అందరిదీ ఒకే చర్చి, అందుకే అందరూ ఒకరికొకరు బ్రదర్లూ సిస్టర్లే. నెడ్రా చర్చి మానేసి ఇరవై ఏళ్ళైనా ఆ పిలుపు ఆవిణ్ణి వదల్లేదు.

"సిస్టర్ టోల్మన్, మీరు నాతో రండి. గోర్డీ, నువ్వు కూడా," అన్నాడు థేన్.

గోర్డీది పెట్రోలు బంకు. నోరు మూతపడదు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. "నాకు కుక్కని తలుచుకుంటేనే జాలేస్తోంది. మనిషి తన చావు తాను తెచ్చుకున్నాడు. దానికేం తెలుసు పాపం."

"చచ్చాడని నీకెవరు చెప్పారు?" అంది నెడ్రా.

"ఎండ చెప్పింది."

"నువ్వు నోరు మూసుకుని నీళ్ళు తాగు, గోర్డీ," అన్నాడు థేన్.

నిచ్చెన దగ్గర ఇసకలో అడుగులు కనిపించాయి. ఒక పెద్ద మగబూటు, పక్కన పెద్ద కుక్క పంజాలు. అవి నిచ్చెన దాకా వచ్చి, కాసేపు అక్కడే తచ్చాడి, కుడివైపు బండ మీదికి పోయాయి. ఆ బూటు తిరిగొచ్చిన జాడ లేదు.

"ఇదేంటి, నిచ్చెన ఎక్కలేదా?" అన్నాడు గోర్డీ.

"ఎనభై పౌండ్ల కుక్కని ఎక్కడ మోస్తాడు? చుట్టూ తిరిగి పోయాడు," అన్నాడు థేన్.

నెడ్రా తను తన్నిన మొదటి కుప్ప ఉన్నచోటు చూసింది. నీళ్ళు తాగుతున్నట్టు సీసా నోటిదగ్గర పెట్టుకుని నిలబడింది. గోర్డీ ఏదో అంటున్నాడు, ఆవిడకి వినబడలేదు.

తొమ్మిదింటికి దొరికాడు. పైసందు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎడమ చరియ పట్టుకోవలసినవాడు కుడి చరియ పట్టుకున్నాడు. అది రెండు మలుపులు తిరిగి కొండ అంచున ఆగిపోతుంది. అక్కడ ఒక బల్లపరుపు బండ కింద పడుకుని ఉన్నాడు. టోపీ ముఖం మీద ఉంది. బూట్లు విప్పి జతగా పక్కన పెట్టుకున్నాడు. కుక్క ఆయన వీపుకి ఆనుకుని నీడలోపలికి ఉంది. వీళ్ళని చూసి తోక ఒక్కసారి నేలకి కొట్టి ఊరుకుంది. దాని ముందు చిన్న రబ్బరు గిన్నె, అడుగున ఇంకా తడి. ఆయన సీసాలు నాలుగూ ఖాళీ.

థేన్ మెడ దగ్గర రెండువేళ్ళు పెట్టి చూసి తీసేశాడు. "నిన్ననే పోయాడు."

"ఆఖరి నీళ్ళు కుక్కకి పోశాడు చూడు. దాన్ని వదిలేసి ఒక్కడే నిచ్చెన దిగొస్తే బతికేవాడు కదరా బాబూ," అని గోర్డీ తల పట్టుకున్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

ఆయన తల దగ్గర మూడు పలకరాళ్ళు పేర్చి ఉన్నాయి. పైన తెల్లరాయి. చరియ పొడుగునా అలాంటివే ఇంకో రెండు. దారి వెతుక్కుంటూ మళ్ళీ గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టాడన్నమాట. నెడ్రా ఆ తెల్లరాయిని చూసింది. ఇంక అనుమానానికి చోటేం మిగల్లేదు. అదే చెయ్యి. బర్డీ ముందు మోకాళ్ళమీద కూర్చుని దోసిట్లో నీళ్ళు పోసింది. అది నాకి ఖాళీ చేస్తే మళ్ళీ పోసింది.

"కారణం రాసుకుంటాను," అని థేన్ జేబులోంచి పుస్తకం తీశాడు. రాస్తూ పైకే చదివాడు. "అధికారిక దారి వదిలి వెళ్ళాడు. అనుభవం లేదు. గుర్తులు పెట్టుకోలేదు."

"పెట్టుకున్నాడు," అంది నెడ్రా.

"ఈ మూడా? తప్పిపోయాక పెట్టినవి కదా ఇవి."

ఆవిడ నోరు తెరిచింది. బండ మీద గోర్డీ చొక్కా విప్పి శవానికి నీడ పడుతున్నాడు. వెళ్ళి ఆ చొక్కా రెండో కొస పట్టుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం లాయిడ్ ఎమ్రిక్ కూతురు వచ్చిందని, మోటెల్లో దిగిందని ఊరంతా తెలిసిపోయింది. ఆ ఊళ్ళో ఎవరు పోయినా ముందు పొయ్యెక్కేది బంగాళదుంపలూ చీజూ కలిపిన వంటకం. సాయంత్రానికి ఆ పిల్ల గదిలో మూడు పళ్ళేలు చేరాయి. నెడ్రా ఏమీ వండలేదు. తిన్నగా థేన్ ఆఫీసుకి వెళ్ళి, తలుపు మూసి, నిలబడే చెప్పేసింది. తెల్లరాళ్ళు, పదకొండు కుప్పలు, ఆఫీసుకి పంపిన కాగితం.

థేన్ పెన్నుకి మూతపెట్టి పక్కన పడేశాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి."

"ఆయన జాగ్రత్త లేని మనిషని రాశావు, థేన్. పేపర్లో కూడా అదే వచ్చింది. నెట్‌లో దాని కింద జనం ఏం రాస్తున్నారో చూశావా? కుక్కని చంపబోయాడట, బుద్ధి లేదట."

"చూశాను." అతను లేచి కిటికీ తెర దించాడు. "చూడండి. మీరు చేసింది ఆఫీసు చెయ్యమన్న పని. నేనైనా అదే చేసేవాణ్ణి. మా నాన్న చేసేవాడు. రేపు ఆ పిల్ల లాయరు దగ్గరికెళ్తే ఆఫీసు మీ వెనక నిలబడుతుందనుకుంటున్నారా? జీతం లేని మనిషి, మాకేం సంబంధం లేదంటారు. ఇల్లు పోతుంది మీకు."

"పోతే పోనీ. ఆయన పేరు సంగతేంటి?"

"దానికో దారుంది." కూర్చుని మెల్లిగా చెప్పాడు. "రిపోర్టు మారుస్తాను. గుర్తులు పెట్టుకున్నాడు, గాలికి పడిపోయాయి అని రాస్తాను. సోమవారం రాత్రి గాలి బాగానే కొట్టింది, అబద్ధం కాదు. ఆయన తప్పూ ఉండదు, మీ తప్పూ ఉండదు. ఆ పిల్లకి మనశ్శాంతి. అందరికీ మంచిది."

నెడ్రా కుర్చీలో కూలబడింది. ఎంత హాయైన మాట! బరువు దించుకో అని ఎవరో వెనకనుంచి చెయ్యి వేసినట్టుంది. ఆవిడ సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే తలూపింది.

"అలాగే రాయి," అంది.

ఇద్దరూ వెళ్ళేసరికి మోటెల్ గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూతురు కూర్చుని ఉంది. పేరు మార్నీ, నలభై ఉంటాయి, ఆసుపత్రిలో నర్సు. కాళ్ళదగ్గర బర్డీ పడుకుంది. పశువుల డాక్టరు దానికి రెండు సీసాల నీళ్ళు ఎక్కించి పంపాడు. థేన్ టోపీ చేతిలో పట్టుకుని గాలి సంగతి చెప్పాడు. వింటూ వింటూ మార్నీ ముఖంలో ముడతలు విడిపోయాయి. తర్వాత ఏడ్చింది.

"నాకు తెలుసు. నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన మనిషి. ఇంటి పెరట్లోకి వెళ్ళినా గుర్తు పెట్టుకునే వెళ్తాడు. జాగ్రత్త లేదంటే ఎలా నమ్మను?" లేచి నెడ్రా రెండు చేతులూ పట్టుకుంది. "నాన్నని వెతికింది మీరే అట కదా. దీనికి నీళ్ళు పోసింది కూడా మీరేనట."

నెడ్రా చేతులు లాక్కోలేకపోయింది.

"ఒక్క సాయం చేస్తారా? ఆ చోటు చూడాలి నాకు. రేపు తీసుకెళ్తారా?"

థేన్ ఆవిడ వైపు చూసి, చాలా చిన్నగా, వద్దన్నట్టు తలూపాడు.

"అయిదింటికి బయల్దేరదాం, ఎండెక్కకముందే," అంది నెడ్రా.

*

శనివారం నెడ్రా డీకన్‌ని ఇంట్లో వదిలేసి వచ్చింది. మార్నీ బర్డీకి ఛాతీపట్టీ కట్టింది. డాక్టరు నడిపించమనే అన్నాడట, కాకపోతే నీడలో, మెల్లిగా. నిజంగానే అది మెల్లిగానే నడిచింది. నిచ్చెన దగ్గరికొచ్చేసరికి ఏడున్నరైంది. కుడివైపు బండెక్కి, అరమైలు చరియలమీద నడిచి, పైసందు దాకా వెళ్ళారు. దారి చూపించింది నెడ్రా. పదకొండు చోట్లా ఆవిడ కళ్ళు నేలనే చూశాయి. అక్కడ రాళ్ళుతప్ప ఏమీ లేవు.

"నాన్న తిరుగు బయల్దేరింది ఇక్కణ్ణుంచేనా?"

"అవునమ్మా."

"అయితే ఇక్కణ్ణుంచి ఆయన నడిచినట్టే నడుద్దాం. బర్డీ, పద."

మార్నీ తాడు వదులుగా వదిలింది. ముసలికుక్క ముక్కు బండకి దగ్గరగా పెట్టి ముందు నడిచింది. చరియలన్నీ ఒకేలా ఉన్నాయి. ఎర్రగా, గుండ్రంగా, ఒకదానిపక్కన ఒకటి. రెండుగా చీలేచోటికి వచ్చాక అది ఆగలేదు, ఎడమవైపుకి తిరిగింది. ఆలోచించనే లేదు. నాలుగడుగులు వేసి, వీళ్ళు రావడంలేదని వెనక్కి చూసింది.

మార్నీ కదల్లేదు. కుడివైపు చరియ మొదట్లో దుమ్ములో తండ్రి బూటు అడుగులు ఉన్నాయి. వాటిపక్కన కుక్క గోళ్ళు బండని గీరిన గీతలు, పొడుగ్గా, లాగినట్టు. ఆ పిల్ల వంగి వాటిమీద వేలు రాసింది.

"దీనికి దారి తెలుసు," అంది.

నెడ్రా కూడా వంగి ఆ గీతల్ని చూసింది.

"ఇది ఇటు లాగుతుంటే ఆయన అటు లాక్కెళ్ళాడు. గుర్తు కనబడకపోయేసరికి దీని మాట వినలేదు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తను పెట్టిన గుర్తు తప్ప ఇంకెవర్నీ నమ్మడు. అమ్మనీ అంతే చేశాడు. నన్నూ అంతే." లేచి నిలబడింది. గొంతు గట్టిపడింది. "పేపర్లో రాసినవాళ్ళదే నిజం. మొండితనం. గాలి ఏం చేస్తుంది? చేజేతులా పోయాడు."

ఆ మాట గోర్డీ నోట్లోంచి వచ్చినప్పుడు నెడ్రా భరించింది. థేన్ పుస్తకంలో కూడా భరించింది. ఇప్పుడు చేతకాలేదు.

"గాలి కాదు," అంది.

మార్నీ తిరిగి చూసింది.

"నేను తన్నేశాను. మంగళవారం పొద్దున్న. ఎవరో ఆటకి పేర్చారనుకున్నాను. ఇక్కడ ఒకటుండేది." చరియ చీలేచోట ఎడమ అంచుని చూపించింది. "అది ఉంటే ఇటే వచ్చేవాడు. ఆవేళే నిచ్చెన కిందుండేవాడు. మీ నాన్న దారి తప్పలేదమ్మా. దారి నేను తీసేశాను."

ఎక్కడో కాకి అరిచింది. మార్నీ ఎడమ అంచున ఉన్న ఖాళీ బండని చూసింది.

"ఎన్ని?"

"పదకొండు."

"లెక్కపెట్టారా?"

"లెక్క రాసి పంపాలి."

"పంపారా?"

"పంపాను."

"నిన్న నేను చేతులు పట్టుకున్నప్పుడు మీకిదంతా తెలుసా?"

"తెలుసు."

ఆ పిల్ల తాడు తెచ్చి నెడ్రా చేతిలో పెట్టింది. ఇచ్చినట్టు కాదు, కొయ్యకి తగిలించినట్టు. వెళ్ళి బండ మీద ఒక పలకరాయి వెతికి తెచ్చి ఎడమ అంచున పెట్టింది. దానిమీద రెండోది. అది ఊగింది. తీసి తిప్పి పెట్టింది. నెడ్రాకి వాటిని ఎలా కుదర్చాలో తెలుసు, ఇరవై రెండేళ్ళ చేతి అలవాటు. అప్రయత్నంగా వంగి ఒక రాయి అందుకుంది.

"మీరు ముట్టుకోకండి," అంది మార్నీ. అరవలేదు.

నెడ్రా రాయి ఎక్కడిదక్కడ పెట్టేసింది.

మూడో రాయి నిలిచింది. తెల్లరాయి దొరకలేదు. మార్నీ మోకాళ్ళమీద పాకుతూ దాన్ని వెతికి వెతికి, సందులో ఇరుక్కున్నదాన్ని గోటితో పెకలించి తెచ్చి పైన పెట్టింది. గోటినుంచి రక్తం కారింది. చొక్కాకి తుడుచుకుంది.

"కిందికెళ్ళాక ఆ డిప్యూటీకి నా ఎదురుగా మళ్ళీ చెప్పాలి. రాసేదాకా నేను కదలను."

"చెప్తాను. ఆఫీసుకి పంపిన కాగితం నకలు ఇంట్లో ఉంది. అదీ తెస్తాను."

"తరవాతిది ఎక్కడ?"

ఎక్కడుండేదో ఇప్పుడు ఈ లోకంలో నెడ్రాకొక్కదానికే తెలుసు. పదడుగులు వేసి ఒక గుంట పక్కన ఆగి, వేలితో చూపించింది. మార్నీ ఆవిడ ముఖం చూడకుండా వచ్చి కూర్చుంది. నెడ్రా రెండడుగులు వెనక్కి జరిగింది. ఎండ బండమీదికి ఎక్కుతోంది. బర్డీ రొప్పుతుంటే దానికీ ఎండకీ మధ్యన నిలబడింది.

"తరవాతిది?" అంది మార్నీ.

నెడ్రా చూపించింది. ఇంకా తొమ్మిది ఉన్నాయి.